1.5 వోల్టులకు పెంచమంటావా అన్నా?

ప్రశ్న: అన్నా, మాది చీమకుర్తి. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటాను. నాది రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన కూలరే వాడుతున్నా. యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి బయోస్‌లో (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) స్పీడు 4.7 గిగాహెర్ట్జ్, వోల్టేజీ 1.40 పెట్టాను. నాలుగు రోజులు బాగా నడిచింది. తర్వాత రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) మధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చింది, 'డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్' అని. ఫ్రెండు చెప్తే 1.45కి పెంచాను, సర్దుకుంది. పది రోజులకు నిన్న మళ్లీ వచ్చింది. ఇప్పుడు 1.5 పెట్టమంటున్నాడు. సెట్టింగులు ఏమీ మార్చనప్పుడు కూడా ఒక్కోసారి 1.4 దాటి కనపడేది కదా, కంపెనీయే ఇస్తుంటే భయమెందుకు అంటాడు. మా నాన్నేమో అది కాలిపోయి ఇల్లు అంటుకుంటుందని టెన్షన్ పడుతున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: తమ్ముడూ, పెంచొద్దు. ముందు మెషిన్ రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లి 'లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్' నొక్కు. సేవ్ చేసి బయటికి రా. మిగతాది ఆ తర్వాత నిదానంగా చదువుకో.

నీకు వచ్చిన ఆ బ్లూ స్క్రీన్ విండోస్ తప్పు కాదు, నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తప్పు కూడా కాదు. 'నా లోపల లెక్క తప్పింది, సరిచేసుకోవడం నా వల్ల కాలేదు' అని హార్డ్‌వేరే విండోస్‌కు చెప్పుకుంటే వచ్చే స్క్రీన్ అది. ఓవర్‌క్లాక్ చేసిన, అంటే కంపెనీ పెట్టినదాని కన్నా స్పీడు పెంచిన మెషిన్‌లో వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది ప్రాసెసర్‌నే. విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే చోట డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో ఏమున్నాయో చూడు. 18 నంబరు ఉంటే మెషిన్ పడిపోయేంత తప్పు. 19 ఉంటే తప్పు జరిగింది, ప్రాసెసర్ తనే దిద్దుకుంది అని. బ్లూ స్క్రీన్ నువ్వు రెండుసార్లే చూశావు. 19 నంబర్లు వరుసగా కనపడితే మాత్రం, స్క్రీన్ బాగున్న రోజుల్లో కూడా లోపల తప్పులు జరుగుతూనే ఉన్నాయని అర్థం.

స్పీడు పెంచడం వేరు, వోల్టేజీ పెంచడం వేరు. స్పీడు ఒక్కటే పెంచితే, తట్టుకోలేని చోట మెషిన్ హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ అవుతుంది, ఫైలు పాడవుతుంది. చిప్పుకు మాత్రం అంతగా దెబ్బ తగలదు. ఆ హ్యాంగ్ ఆపడానికి వోల్టేజీ ఎక్కిస్తాం చూడు, అక్కడ మొదలవుతుంది అసలు నష్టం. హై వోల్టేజీ వచ్చిన రోజు బోరు మోటారు ఏమవుతుందో మన వైపు ఏ రైతునడిగినా చెప్తాడు. మోటారు ఒక్క పూటలో వాసన వచ్చి తెలిసిపోతుంది. ప్రాసెసర్ నెలల తరబడి చప్పుడు లేకుండా అరుగుతుంది. అందుకే మనకు భయం వేయదు.

నీ ఫ్రెండు చెప్పినదాంట్లో సగం నిజముంది. ఆ మిగతా సగం గురించే నా బాధ. డిఫాల్ట్‌లో 1.4 దాటి కనపడేది ప్రాసెసర్‌లో లెక్కలు చేసే 6 కోర్లలో ఒకటో రెండో కాసేపు పరిగెత్తినప్పుడు. ఏదో ఫోల్డర్ తెరిచావు, బ్రౌజర్‌లో పేజీ లోడయింది, అలాంటప్పుడు. ఆ క్షణంలో వోల్టేజీ ఎక్కువే, కానీ పారే కరెంటు తక్కువ. నువ్వు రెండర్ పెట్టి 6 కోర్లూ నిండా పని చేసేటప్పుడు ప్రాసెసర్ తనే వోల్టేజీ దించుకుంటుంది. వేడి, కరెంటు, వోల్టేజీ మూడూ చూసుకుంటూ క్షణక్షణం సర్దుకునే కాపలా దాని లోపలే ఉంది. నువ్వు బయోస్‌లో 1.45 అని చేత్తో రాసి పెట్టిన రోజే ఆ కాపలాను తీసి పక్కన పెట్టావు. ఇప్పుడు 6 కోర్లకూ, నిండు లోడులో, గంటల తరబడి అదే వోల్టేజీ. కంపెనీ ఇచ్చే 1.45, నువ్వు పెట్టిన 1.45 అంకెలో ఒకటే, పనిలో ఒకటి కాదు.

లెక్క చూద్దాం. ప్రాసెసర్ తినే పవర్ స్పీడుతో పాటు మామూలుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. డిఫాల్ట్‌లో నిండు లోడు మీద 4.35 గిగాహెర్ట్జ్, 1.25 వోల్టులు అనుకో. దాన్ని 4.7కి, 1.45కి తీసుకెళ్లావు. స్పీడు 8 శాతం పెరిగింది. వోల్టేజీ 16 శాతం పెరిగింది, దాని వర్గం దాదాపు 35 శాతం. రెండూ కలిపితే వేడి 45 శాతం ఎక్కువ. వేడెక్కే కొద్దీ చిప్పులో ఊరికే కారిపోయే కరెంటు కూడా పెరుగుతుంది, అది ఈ లెక్కలో కలపలేదు. ఇంత చేసి నీకు దక్కేది ఎంత? గంట పట్టే రెండర్ యాభై అయిదున్నర నిమిషాల్లో అవుతుంది. నాలుగున్నర నిమిషాల కోసం నిన్న నీ రెండర్ మొత్తం పోయింది.

చిప్పు లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకో. ట్రాన్సిస్టర్లను కలిపే రాగి తీగలు కింది పొరల్లో మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా సన్నగా ఉంటాయి. వాటిలో ఎలక్ట్రాన్లు మరీ జోరుగా పారితే దారిలో ఉన్న లోహపు అణువులను నెట్టుకుంటూ పోతాయి. కాలువలో నీళ్లు ఉరవడిగా వదిలితే మలుపు దగ్గర గట్టు కోసుకుపోయి, ఆ మట్టి దిగువన మేట వేస్తుంది కదా, అచ్చం అలాగే. కోసుకుపోయిన చోట తీగ సన్నబడి చివరికి తెగుతుంది, మేట వేసిన చోట పక్క తీగకు తగులుతుంది. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లోనే దీనికి సూత్రం రాశారు. కరెంటు సాంద్రత పెరిగితే తీగ ఆయుష్షు తగ్గుతుంది, వేడి పెరిగితే ఇంకా వేగంగా తగ్గుతుంది. వోల్టేజీ పెంచి నువ్వు ఆ రెండూ ఒకేసారి పెంచావు. ఇంకో పక్క ట్రాన్సిస్టర్ గేటు కింద అతి పల్చని ఇన్సులేషన్ పొర ఉంటుంది, వోల్టేజీ ఎక్కువైతే అదీ బలహీనపడుతుంది. ట్రాన్సిస్టర్ మందగిస్తుంది. నిన్నటి స్పీడుకు నిన్నటి వోల్టేజీ ఇవాళ చాలదు. 1.40తో నడిచింది 1.45 అడిగింది, ఇప్పుడు 1.5 అడుగుతోంది. మొదటి నుంచీ ఆ 1.40 చాలకపోయి ఉండొచ్చు, లేదా అప్పుడే అరుగుదల మొదలై ఉండొచ్చు. రెండింటిలో ఏదైనా మందు వోల్టేజీ కాదు.

ఇది చదివి తెలుసుకుని చెప్తున్నది కాదు. 2011లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కోర్ ఐ5 2500కే ప్రాసెసర్ కొని నెల్లూరు తెచ్చుకున్నాను. మేడ మీద గది, ఏసీ లేదు. 3.3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను 4.6కి తీసుకెళ్లి 1.42 వోల్టులు పెట్టాను. ఏడాది పాటు దానంత మంచి మెషిన్ నేను చూడలేదనుకున్నాను. రెండో ఎండాకాలం హ్యాంగ్ అయితే 1.45కి పెంచాను, నీలాగే. ఆ తర్వాత ఒకరోజు మా అక్క కొడుకు అన్నప్రాసన ఫొటోలు కావాలంటే, నేనే ఆ మెషిన్‌లో జిప్ చేసి పెట్టుకున్న ఫైలు తెరిచాను. విప్పుతూ విప్పుతూ మధ్యలో ఆగి సీఆర్‌సీ ఎర్రర్ అంది, అంటే ఫైలు పాడైందని. ఎలాగోలా కొన్ని బయటికి తీశాను. ఒక ఫొటోలో మా అమ్మ పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమె కళ్లద్దాల దాకా బొమ్మ బాగుంది, అక్కణ్ణుంచి కిందకి మొత్తం బూడిద రంగు పట్టీ. పిల్లాడు లేడు, వెండి గిన్నె లేదు. కెమెరా కార్డు ఎప్పుడో ఫార్మాట్ చేసేశాను. ఆ జిప్ చేసిన రోజు మెషిన్ హ్యాంగ్ కాలేదు, బ్లూ స్క్రీన్ రాలేదు, ఏ హెచ్చరికా లేదు. డిఫాల్ట్స్ పెట్టి వేరే ఫోల్డర్లలోని పాత ఫొటోలు జిప్ చేసి చూస్తే ఒక్క తప్పూ రాలేదు. ఆ రోజు నుంచి పని చేసుకునే మెషిన్ మీద నేను వోల్టేజీ జోలికి పోలేదు. నీ చేతిలో ఉన్నవి ఊరివాళ్ల పెళ్లిళ్లు తమ్ముడూ, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఓవర్‌క్లాకింగ్ అంటేనే తప్పని నేననను. 1998లో సెలెరాన్ 300ఏ అని ఇంటెల్ ప్రాసెసర్ ఒకటి వచ్చింది. మదర్‌బోర్డులో బస్ స్పీడు 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 ప్రాసెసర్ 450 అయ్యేది, చాలా చిప్పులకు వోల్టేజీ కూడా పెద్దగా పెంచక్కర్లేకపోయేది. సగానికి సగం స్పీడు ఊరికే దొరికితే ఎవరు వద్దంటారు? ఇప్పుడు కంపెనీలు ఆ మిగులు మనకు వదలడం లేదు. నీ 5600 బేస్ స్పీడు 3.5, బూస్ట్ 4.4. చిప్పులో ఉన్న సత్తువలో చాలా భాగం ఫ్యాక్టరీ నుంచే బూస్ట్ పేరుతో వాడేస్తోంది. మనం గీకి తీసేది అడుగు మాడు.

వోల్టేజీ విషయంలో కంపెనీలే దెబ్బ తిన్న సంగతి గుర్తు చేస్తాను. 2023లో ఏఎండీ వారి రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే మాడిపోతే, ఎస్‌ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లేది) 1.3 దాటకుండా కొత్త బయోస్‌లు ఇచ్చారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు క్రాష్ అవుతుంటే, అవసరానికి మించి వోల్టేజీ అడగడమే కారణమని ఇంటెలే చెప్పి, 1.55 వోల్టుల దగ్గర అడ్డుకట్ట వేసే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) విడుదల చేసింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్పటికే అరిగిపోయిన చిప్పులను ఆ అప్‌డేట్ బాగుచేయలేదు. ఇన్ని కొలతలు, ఇంతమంది ఇంజనీర్లు ఉన్నచోటే ఇలా జరిగింది.

ఇక మన ఊరి సంగతి. యూట్యూబ్ వీడియో తీసినవాళ్ల గదిలో ఏసీ ఉండి ఉంటుంది, పెద్ద కూలర్ ఉండి ఉంటుంది. కూలర్ ఏదైనా గది వేడి కంటే కిందికి దించలేదు. గది 22 డిగ్రీలుంటే 75 దగ్గర నిలబడే ప్రాసెసర్, అదే పనికి, గది 38 ఉంటే 90 దాటుతుంది. నీ 5600కి కంపెనీ రాసిన గరిష్ఠ వేడి 90 డిగ్రీలు. రోహిణి కార్తెలో, కరెంటు పోయి ఏసీ ఆగి, యూపీఎస్ మీద మెషిన్ ఒక్కటే నడుస్తున్న అరగంట ఊహించుకో. పైగా 45 శాతం ఎక్కువ పవర్ లాగుతుంటే ఆ యూపీఎస్ కూడా నువ్వనుకున్నంత సేపు నిలబడదు.

దుమ్ము ఇంకోటి. చీమకుర్తి అన్నావు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నా. ఒకసారి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులోని కంప్యూటర్ విప్పాను. ఫ్యాన్ రెక్కల మీద బియ్యప్పిండి చల్లినట్టు బూడిద రంగు పొర. స్క్రూలు తీసి ఫ్యాన్ పైకెత్తితే కింద వేడిని లాగే హీట్‌సింక్ రేకులు కనపడలేదు. వాటి మీద దుమ్ము, దారప్పోగులు కలిసి దళసరిగా పట్టేశాయి, గోటితో లాగితే పాత దుప్పటి ముక్కలా ఒకటే పొరగా ఊడి వచ్చింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఆ పొర తీసి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్టు మార్చాక అదే పనికి 20 డిగ్రీలకు పైగా తగ్గింది. నీ మెషిన్ ఎన్నాళ్లయింది విప్పి? నువ్వు ఓవర్‌క్లాక్ చేసింది ఆ దుమ్ము మీద అయితే, నీ ప్రాసెసర్ పడ్డ కష్టం నా లెక్క కంటే ఎక్కువే.

నీ బోర్డు కూడా ఒకసారి చూడు. ప్రాసెసర్ పక్కన చిన్న చిన్న నల్ల బిళ్లలు వరుసగా ఉంటాయి, వీఆర్‌ఎం అంటాం. 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావాల్సినంతకు దించేవి అవే. చవక బీ450 బోర్డుల్లో వాటి మీద హీట్‌సింక్ ఉండదు, ఉన్నా ఒక చిన్న రేకు. డబ్బాలో వచ్చిన ఆ కూలరూ, ఈ వీఆర్‌ఎమ్మూ డిఫాల్ట్ 5600కి సరిపోతాయి. 76 వాట్ల దగ్గర ఆగాల్సిన చిప్పుకు హద్దు తీసేస్తే ఆ భారం వాటి మీద కూడా పడుతుంది. అక్కడ బోర్డు రంగు గోధుమగా మారి ఉంటే, విప్పగానే మాడిన వాసన వస్తే, ఆ బోర్డును నమ్మొద్దు.

నాన్నగారి భయం సంగతి. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కితే మెషిన్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, ప్రాసెసర్ వల్ల ఇల్లు అంటుకోవడం అంత తేలిగ్గా జరగదు అని ఆయనకు చెప్పు. కానీ ఆయన్ను తీసిపారేయొద్దు. మెషిన్ మొత్తానికి కరెంటిచ్చే నీ ఎస్‌ఎంపీఎస్ ఊరూ పేరూ లేనిదైతే, దాని మీద అదనపు లోడు పెట్టి రాత్రంతా రెండర్ వదిలి పడుకోవడం నాకూ భయమే. డబ్బు ఉన్నరోజు ముందు మార్చాల్సింది అదే.

వారంటీ గురించి నువ్వు అడగలేదు, నేనే చెప్తున్నా. డబ్బాలో కొన్న ప్రాసెసర్‌కు మూడేళ్లు ఉంటుంది. ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే వర్తించదని ఏఎండీ షరతుల్లో ఉంది. స్పీడు మార్చుకునేలా అన్‌లాక్ చేసి అమ్ముతున్నారు కదా అని అది వారంటీలో భాగం కాదు. డిఫాల్ట్స్‌లో వారం పది రోజులు మామూలుగా పని చేసి చూడు. బ్లూ స్క్రీన్ రాలేదు, ఈవెంట్ వ్యూయర్‌లో కొత్త ఎంట్రీలు లేవు అంటే పెద్ద గండం గడిచినట్టే. డిఫాల్ట్స్‌లో కూడా వస్తే చిప్పు అరిగిందని అనుమానించాలి. అప్పుడు బూస్ట్ ఆపేసి బేస్ స్పీడులో కొన్నాళ్లు నడపొచ్చు, ఈలోగా ఇంకోటి చూసుకోవాలి. సర్వీసు సెంటర్‌కు వెళ్తే జరిగింది జరిగినట్టు చెప్పు.

ఒకవేళ బయోస్ మార్చేటప్పుడు డిస్‌ప్లే రాకుండా పోతే కంగారు పడకు. ప్లగ్ పీకేసి, బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టు. సెట్టింగులన్నీ మొదటికొస్తాయి.

నీకు కావాల్సింది రెండర్ తొందరగా అవడం. దానికి వేరే దారులున్నాయి. ర్యామ్ ఒకటే స్టిక్ ఉంటే అలాంటిదే ఇంకోటి వేసి రెండు చానెళ్లు చెయ్యి. బయోస్‌లో ర్యామ్ స్పీడు ఎంతుందో చూడు. 3200 ర్యామ్ కొని, దాన్ని ఆ స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేయక 2133లోనో 2400లోనో ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లు చాలామంది నా దగ్గరికి వచ్చారు. డిఫాల్ట్స్ పెట్టినప్పుడు అదీ ఆఫ్ అవుతుంది, గుర్తుంచుకో. ఈ ప్రాసెసర్‌కు 3200 కంపెనీ ఒప్పుకున్న స్పీడే, కాబట్టి మెషిన్ నిలకడగా ఉందని తేలాక ఆన్ చేసుకో. ఫుటేజీ యూఎస్‌బీ హార్డ్ డిస్కులో పెట్టి ఎడిట్ చేస్తుంటే ఎస్‌ఎస్‌డీకి మార్చు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెడితే ఆ పని గ్రాఫిక్స్ కార్డు తీసుకుంటుంది. నువ్వు 4.7 గిగాహెర్ట్జ్‌తో సంపాదించిన నాలుగున్నర నిమిషాల కంటే దీంట్లో మిగిలేది చాలా ఎక్కువ.

బయోస్‌తో ఏదో ఒకటి చేయాలని చెయ్యి లాగితే వోల్టేజీ తగ్గించే వైపు వెళ్లు. అందుకోసం ఉన్న కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగులో అన్ని కోర్లకూ నెగెటివ్ 10 పెట్టి చూడు. చాలా చిప్పులు అంతవరకూ తట్టుకుంటాయి, వేడి తగ్గుతుంది, తగ్గిన వేడి వల్ల బూస్ట్ ఇంకాస్త సేపు నిలబడుతుంది. ఇదీ మెషిన్‌ను తడబడేలా చేయొచ్చు కాబట్టి పెళ్లి పని లేని రోజు పెట్టి, ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక రాత్రి పరీక్షించి, తప్పు వస్తే వెనక్కి తీసెయ్. దీనివల్ల చిప్పు అరగదు.

అన్నిటికంటే ముందు ఈ రెండు వారాల ఫైళ్ల సంగతి చూడు. డిఫాల్ట్స్ పెట్టాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) కొట్టి విండోస్ ఫైళ్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకో. ఈ రెండు వారాల్లో ఎక్స్‌పోర్ట్ చేసినవి ఇంకా ఇవ్వకపోతే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఇచ్చేసి ఉంటే ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి, ఒకసారి టీవీలో పూర్తిగా చూడమని చెప్పు, అందులో చిన్నతనం ఏమీ లేదు. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయకపోతే అసలు చేయొద్దు, ఫుటేజీ మొత్తం కొత్త ఫోల్డర్‌లోకి మళ్లీ కాపీ చేసుకో. ఫార్మాట్ చేసేసి ఉంటే, హార్డ్ డిస్కులో ఉన్న క్లిప్పులు ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడు. తాళి కట్టిన క్లిప్పుతో మొదలుపెట్టు.